సినిమాలో లేని చప్పుడు

మొన్న ఆదివారం పొద్దున్న కాఫీ తాగుతూ ఉంటే మా అమ్మాయి ఫోనుకు ఏదో పంపింది. పాత తెలుగు సినిమాలకు ఎవరో ర్యాంకులు కట్టారు. పౌరాణికాల్లో మొదటి పది, జానపదాల్లో పది, తర్వాత సాంఘికాలు, హాస్యాలు, అన్నిటికీ చివర దెయ్యాల సినిమాలు. "నీకు ఇష్టం కదా, చూడు" అని కింద రాసింది. నాలుగు పట్టికలూ నవ్వుకుంటూ, వాదించుకుంటూ చదివాను. అయిదో దాంట్లో మొదటి పేరు చూడగానే ఫోను బోర్లా పెట్టేశాను. ఆ సినిమా నేను సగానికి కొంచెం పైన చూశాను. మిగతాది ఇంక చూడను.

ఈ ర్యాంకుల పిచ్చి నాకు మావయ్య వల్ల అంటుకుంది. మా అమ్మ తమ్ముడు. అనకాపల్లిలో మైకుసెట్లు అద్దెకిచ్చేవాడు. దేవరాపల్లిలో పెళ్లయినా, పూడిమడకలో అమ్మవారి పండగయినా హారన్లు ఆయనవే. పాటలతో పాటు సినిమా మాటల రికార్డులు కూడా మొదటి నుంచి చివరి దాకా వేసేవాడు. అందుచేత సినిమాలు ఆయనకు కళ్లకంటే చెవులకే ఎక్కువ తెలుసు. పౌరాణికాల్లో మంచిదేదో తేల్చడానికి దేవుడి వేషం చూడనక్కర్లేదట, రాక్షసుడు అరిచినప్పుడు కూడా ప్రతి మాటా విడివిడిగా వినిపిస్తే అదే గొప్పదట. జానపదమైతే కత్తులు ఇనుము లాగా మోగాలి, రేకుల్లాగా మోగితే ఆరో స్థానం దాటనిచ్చేవాడు కాదు. హాస్యానికి ఆయన పెట్టిన పరీక్ష మరీ కఠినం. పెళ్లి పందిట్లో వేసిన జోకుకు రెండు మళ్ల అవతల వరినాట్లు ఊడుస్తున్న ఆడవాళ్లు నవ్వాలి. సాంఘికాల్లో తల్లి ఎంత తక్కువ ఏడిస్తే అంత పైన.

ఈ తీర్పులను అస్సలు ఒప్పుకోనివాడు ఒకాయన ఉండేవాడు. రిటైరైన లెక్కల మేష్టారు, మావయ్యకు చిన్నప్పటి స్నేహితుడు. ఆదివారం చర్చి నుంచి తిన్నగా, ఇస్త్రీ మడత నలగకుండా, మావయ్య షాపుకే వచ్చేవాడు. చుట్టరికం ఏమీ లేకపోయినా ఒకరినొకరు బావా అనుకునేవారు. మేష్టారి దగ్గర ఒక నోటుబుక్కు ఉండేది. అందులో కథకు ఇన్ని, పాటలకు ఇన్ని అని ప్రతి సినిమాకూ వందకి మార్కులు వేసేవాడు. కథ అర్థమయ్యేలా ఉంటే, పరీక్ష పేపర్లో చేతిరాతకు వేసినట్టు ఒక అయిదు కలిపేవాడు. ఇద్దరి మధ్యా ఎప్పటికీ తెగని తగువు ఆ దెయ్యం సినిమాదే. మేష్టారికి అది మొదటిది. మావయ్యకు మూడోది. అందులో ఒక ముసలావిడ పాడుబడిన బంగళా తలుపు తియ్యబోతుంది. అంతకు ముందు చాలాసేపు ఏ చప్పుడూ ఉండదు. అక్కడ ఈగ వాలిన చప్పుడు కూడా ఉండదని, అంత బాగా కట్టిన నిశ్శబ్దాన్ని తలుపు తియ్యకముందే సంగీతంతో పాడుచేశారని మావయ్య బాధ.

నాలుగేళ్ల కిందట ఆ సినిమా మళ్లీ విడుదలైంది. మా ఊళ్లో ఒక పాత హాల్లో వేశారు. తగువు అక్కడే తేల్చుకుందామని మధ్యాహ్నం ఆటకు ఇద్దరూ బయల్దేరారు, తీర్పరిగా నన్ను మధ్యన కూర్చోబెట్టారు. మూడు రోజులుగా వాన. హాల్లోకి అడుగుపెట్టగానే తడిసిన గోనెసంచుల వాసన కొట్టింది. ఇంటర్వెల్లో లైట్లు వేసినప్పుడు చూస్తే, పైకప్పు కింద బిగించిన సీలింగ్ మీద ముందు వరసల వైపు గోధుమరంగు మరక ఉంది. దాని అంచునుంచి ఒక్కొక్క చుక్కే రాలుతోంది. మావయ్య టీ తాగలేదు. ఆ మరకనే చూస్తూ కూర్చున్నాడు. మూడో స్థానం ఎలా కాపాడుకోవాలా అని ఆలోచిస్తున్నాడని మేష్టారు నవ్వాడు. నేనూ నవ్వాను.

తర్వాత ఆ సీను వచ్చింది. ముసలావిడ మెట్లెక్కి తలుపు ముందు నిలబడింది. హాలంతా ఊపిరి బిగపట్టింది. అప్పుడు ఎక్కడో పైన, ఎండుకొమ్మ విరిచినట్టు సన్నగా ఒక చప్పుడు. జనం కెవ్వుమని, వెంటనే నవ్వేశారు. మావయ్య నవ్వలేదు. నా మోచెయ్యి గట్టిగా పట్టుకున్నాడు.

"ఇది సినిమాలోది కాదు" అన్నాడు.

"కొత్తగా కలిపుంటారు బావా. కూకో" అన్నాడు మేష్టారు, తెర మీంచి కళ్లు తిప్పకుండా.

మావయ్య కూర్చోలేదు. లేచి, అందర్నీ బయటికి పొమ్మని అరిచాడు. వెనకనుంచి ఎవరో కాగితం ఉండ విసిరారు. ముసలాయన భయపడ్డాడని ఒకరు, దెయ్యం పట్టిందని ఇంకొకరు. అరుపులతో లాభం లేదని ఆయన బొమ్మ ఆపించడానికి ప్రొజెక్టర్ గది మెట్ల వైపు నడిచాడు. నేనూ లేచాను. మేష్టారిని లేవమన్నాను.

"నాకు మోకాళ్లు కదమ్మా, నెమ్మదిగా వత్తాను. ఆవిడ తలుపు తియ్యనీ" అన్నాడు.

నేను మావయ్య వెనకాల వెళ్లాను. మేష్టారి చెయ్యి పట్టుకుని లేపడానికి ఎంతసేపు పట్టేదో, ఆ తర్వాత ఎన్నిసార్లు అనుకున్నానో.

బొమ్మ ఆగింది, లైట్లు వెలిగాయి. జనం తిట్టుకుంటూ లేచారు. కొందరు పైకి చూశారు. చూసినవాళ్లు పరిగెత్తారు, వాళ్లను చూసి మిగతావాళ్లూ పరిగెత్తారు. నేను గుమ్మం దగ్గర నిలబడి వెనక్కి చూసేసరికి మేష్టారు లేచి, కుర్చీల వీపులు పట్టుకుంటూ, నోటుబుక్కు చంకలో పెట్టుకుని వస్తున్నాడు. ఇంకో నాలుగు వరసలే. ఆ క్షణాన సీలింగ్ అంతా ఒక్కసారి కిందికి దిగింది. చప్పుడు పెద్దదేమీ కాదు. దుమ్ము మాత్రం తెర కనపడకుండా లేచింది.

ఎనభై మందికి పైగా ఉన్న హాల్లో ఇంకెవరికీ పెద్ద దెబ్బలు తగల్లేదు. మేష్టారు విశాఖపట్నం ఆసుపత్రిలో మూడోనాడు పోయాడు. మావయ్య ఇంతమంది ప్రాణాలు కాపాడాడని ఊరంతా చెప్పుకుంది. శాలువా కప్పుతామని వచ్చినవాళ్లను ఆయన గుమ్మంలోంచే పంపేశాడు. చర్చి వెనక సమాధి దగ్గర అందరూ వెళ్లిపోయాక కూడా నిలబడ్డాడు. ఆ తర్వాత షాపులో ఎవరు సినిమా మాట ఎత్తినా, వైర్లు చుట్టుకుంటూ లోపలికి వెళ్లిపోయేవాడు. దుఃఖం అనుకున్నాం. కొన్నాళ్లకు సర్దుకుంటుందనీ అనుకున్నాం.

ఏడాది తిరిగాక, ఒక సాయంత్రం షాపులో మేమిద్దరమే ఉన్నాం. కాసేపు కూర్చుని లేవబోతుంటే, నా వైపు చూడకుండానే చెప్పాడు.

"ఇంటర్వెల్‌కి ముందే ఓసారి ఇన్నాను అమ్మలూ. అదే సప్పుడు. అప్పుడే తెలిసిపోయింది."

నేను మళ్లీ కూర్చున్నాను. మరి అప్పుడే ఎందుకు చెప్పలేదని అడగకముందే ఆయనే అన్నాడు.

"ఆ సీను ఓసారి సూసేక లేద్దారనుకున్నాను. బావ మీద గెలుద్దారని."

ఈ మాట మా ఇంట్లో ఇప్పటికీ నాకొక్కదానికే తెలుసు. మావయ్యకు డెబ్బై ఆరు వచ్చాయి. చెవులు కూడా సరిగా వినపడటం లేదు. అప్పుడప్పుడు భోజనం మధ్యలో చెయ్యి ఆపి పైకప్పు వైపు చూస్తాడు, ఎవరైనా పలకరిస్తే మళ్లీ తింటాడు. నాలుగేళ్లు మా అందరికీ గడిచిపోయాయి. ఇంటర్వెల్‌కు ముందు విన్న చప్పుడుకీ, ఆయన లేచి అరిచిన క్షణానికీ మధ్య ఉన్న ఆ అరగంట మాత్రం ఆయనకు ఇంకా గడవలేదు.