ఓబులేసు కెమెరాలో చుక్క

2007లో నంద్యాల బస్టాండు దగ్గర మా కెమెరాల అంగట్లో ఫిల్ము డబ్బాలు అమ్ముడుపోక మూలన పడి ఉండేవి. డిజిటల్ ఎస్సెల్లార్‌లు, అంటే లెన్సు విప్పి మార్చుకోగలిగే పెద్ద కెమెరాలు, అప్పుడప్పుడే మా బీరువాలోకి వస్తున్నాయి. వాటిలో తక్కువ ధర మోడల్ అడిగినవాళ్లకు దాని తిక్కలన్నీ ముందే చెప్పేవాణ్ణి. చెప్పకపోతే తర్వాత నా ప్రాణం తీస్తారు. చెప్పినా తీస్తారనుకోండి.

ఆళ్లగడ్డలో స్టూడియో నడిపే ఓబులేసు ఆ ఏడు వేసవిలో వచ్చాడు. పదిహేనేళ్లుగా ఫిల్ముతో పెళ్లిళ్లు తీసిన చెయ్యి. నాలుగు రోజుల్లో చాగలమర్రిలో పెళ్లి ఉంది, వాళ్లు డిజిటల్ అయితేనే రమ్మన్నారు. ఇది బాగా వస్తే ఆ ఇంట్లో ఇంకో రెండు పెళ్లిళ్లు అతనివే. చెడితే ఆళ్లగడ్డలో కొత్తగా తెరిచిన స్టూడియోవాడికి పోతాయి.

"ఎన్ని మెగాపిక్సెళ్లు శెట్టన్నా?" అన్నాడు కూర్చోకముందే.

"అది తర్వాత. ముందు దీని తిక్కలు విను. నీ పాత లెన్సు దీనికి పడుతుంది గానీ, బాడీలో మోటరు లేదు. ఫోకస్ చేత్తోనే తిప్పుకోవాల."

"తిప్పుకుంటాలే. మెగాపిక్సెళ్లు చెప్పు."

"దీంతో వచ్చే లెన్సు పెట్టినా, వెలుతురు తక్కువైతే ఫోకస్ కోసం తడుముకుంటుంది. ఇంకొకటి, ఫిల్ము ఉండాల్సిన చోట సెన్సర్ అనే బిళ్ల ఉంటుంది. ఫిల్ము మీద దుమ్ము పడితే ఆ ఒక్క ఫోటోతో పోతుంది. దీని మీద పడితే ప్రతి ఫోటోలోనూ అదే చోట చుక్క. ఈ మోడల్‌కు తనంతట తాను దులుపుకునే ఏర్పాటు కూడా లేదు. లెన్సు మార్చేటప్పుడు నోరు కిందికి పెట్టి మార్చు."

"సరేలే ప్పా, ఎంతసేపు చెప్తాండావు!"

చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టయింది. ఒళ్లు మండింది. మా నాయన నాటి నుంచి మా అంగట్లో ఒక పద్ధతి ఉంది. ఏ కెమెరా అమ్మినా దేవుడి పటం ముందు పెట్టి, పసుపు కుంకుమ బొట్టు పెట్టి ఇస్తాం. అట్లాగే పెట్టాను. అంతలో ఓబులేసు సంచిలోంచి పాత లెన్సు తీసి, "ఇది తగిలించి చూపియ్యన్నా" అన్నాడు. తగిలించి ఇచ్చాను. నన్ను బయట ఎండలో సున్నం గోడ ముందు నిలబెట్టి ఒక ఫోటో తీసుకుని, మురిసిపోతూ బస్సెక్కాడు.

పెళ్లయిన రెండో రోజుకే ప్రింట్లతో వచ్చాడు. ముఖంలో నెత్తురు లేదు.

"చూడన్నా. అన్నిట్లో ఉండాది."

పైన కుడివైపు నల్లటి మసక చుక్క. మండపం లోపల తీసినవాటిలో అంతగా తెలియడం లేదు. బయట ఎండలో తీసిన గ్రూపు ఫోటోల్లో మాత్రం కొట్టొచ్చినట్టు ఉంది. ఒకదాంట్లో పెళ్లికొడుకు మేనమామ నుదుట, ఇంకోదాంట్లో పెళ్లికూతురి చెంప మీద. దిష్టిచుక్క ఒక చెంపకు పెడితే రెండో చెంపకు ఎట్లా వచ్చిందని వాళ్లవ్వ అడిగిందట. ఎల్లుండి ఆల్బమ్ చూసుకుని, నచ్చకపోతే మిగతా పెళ్లిళ్లు వేరేవాళ్లకు ఇస్తామన్నారట.

కెమెరాలో అద్దం పైకి లేపి టార్చి వేసి చూశాను. సెన్సర్ మీద ఎర్రటి రేణువు, ఫోటోల్లో నల్లగా పడేది దాని నీడే. కుంకుమ! ఇంక ఆగలేకపోయాను.

"తలంబ్రాల మధ్యలో నిలబడి లెన్సు మార్చినావు కదా? చిలక్కు చెప్పినట్టు చెప్తినే! నీకు మెగాపిక్సెళ్లు కావాల, మాట అక్కర్లేదు."

అంగట్లో ఉన్న నలుగురూ తిరిగి చూశారు. ఓబులేసు తల వంచుకుని, "ఆడ లెన్సే మార్చలేదన్నా" అన్నాడు. నేను నమ్మలేదు.

గాలి బుడ్డితో ఊది, పోకపోతే సెన్సర్ తుడిచే ప్రత్యేకమైన పుల్లతో మెల్లగా తీశాను. ఫోటోల్లో చుక్కలు చెరిపేద్దామని కార్డు కంప్యూటర్‌కు పెట్టాను. వరుసలో మొదటి ఫోటో తెరుచుకుంది. సున్నం గోడ ముందు నేను. నా తల పక్కన, పైన కుడివైపు, చుక్క.

ఓబులేసు తెరకేసి చూశాడు, నాకేసి చూశాడు. "ఇది ఈడ తీసింది కదన్నా?" అన్నాడు.

ఆరోజు బొట్టు పెట్టిన వేళ్లతోనే నేనే లెన్సు విప్పాను. కెమెరా నోరు పైకే పెట్టి పట్టుకున్నాను. ఫిల్ము కాలంలో ముప్పై ఏళ్లు అదే చెయ్యి, అదే కుంకుమ, ఒక్కరోజూ చేటు రాలేదు. చెప్పేవి శ్రీరంగ నీతులు! నలుగురిలో తిట్టినవాణ్ణి ఆ నలుగురిలోనే, "తప్పు నాదే అప్పా" అన్నాను. రెండు రోజులు కూర్చుని రెండువందల పైచిలుకు ఫోటోల్లో చుక్క చెరిపాను. అవ్వ దిష్టిచుక్క జోలికి మాత్రం పోలేదు.

మిగతా రెండు పెళ్లిళ్లూ ఓబులేసే తీశాడు. మా అంగట్లో బొట్టు ఇప్పుడు అట్టపెట్టెకే. కెమెరా తిక్కలన్నీ లెక్కపెట్టినవాణ్ణి, దాన్ని పట్టుకున్న చేతి తిక్క లెక్కపెట్టలేదని ఆరోజు తెలిసింది. రెండేళ్లకు ఓబులేసు ఇంకో కెమెరా కోసం వచ్చాడు. నేను గొంతు సవరించుకుని దాని తిక్కలు మొదలుపెట్టబోతే చెయ్యి అడ్డం పెట్టాడు.

"అన్నీ వింటాలే శెట్టన్నా. ముందు బేగా పోయి చేతులు కడుక్కోనిరా."