దిష్టి ఓడ

మొన్న మంగళవారం మా నేరేడ్‌మెట్ ఫ్లాట్‌లో పనమ్మాయి నాకు దిష్టి తీసింది. మోకాలు పట్టేసి నాలుగు రోజులుగా మంచం దిగలేదు కదా, డాక్టరు అది అరుగుదల అన్నా ఆమె లెక్కలో మాత్రం ఎదురు ఫ్లాట్‌వాళ్ల కన్నే. గుప్పెట్లో రాళ్ల ఉప్పు, ఎండుమిరపకాయలు పట్టుకుని నా చుట్టూ మూడుసార్లు తిప్పి, గ్యాస్ పొయ్యి మీద పాత పెనం పెట్టి అందులో పడేసింది. ఇల్లంతా ఘాటు! ఇద్దరం దగ్గి దగ్గి చచ్చాం. "అమ్మో, గింత ఘాటొచ్చిందంటే నీకు దిష్టే లేదమ్మా" అని పాపం ఎంతో నిరాశపడింది. నాకు నవ్వొచ్చింది. అంతలోనే మా చిన్నమామ గుర్తొచ్చాడు. ఆమె వెళ్లిపోయాక ఆ పొగలోనే చాలాసేపు ఒక్కదాన్నే కూర్చున్నాను.

చిన్నమామ అంటే మా అమ్మకు తమ్ముడు. మెట్టుగూడలో అమ్మమ్మ ఇంట్లోనే మేమూ ఉండేవాళ్లం. చుట్టూ అంతా రైలు కూతలు, రైల్వే ఉద్యోగాలు. ఈయనకేం బుద్ధి పుట్టిందో, చెరువు తప్ప వేరే నీళ్లు చూడని ఊరినుంచి పోయి నేవీలో చేరాడు. వేయడం కూడా ఓ ముసలి డిస్ట్రాయర్ మీద, బాయిలర్ గదిలో వేశారు. తెల్లవాళ్లు ఒక ప్రపంచయుద్ధమంతా వాడుకుని మనకు అమ్మేసిన యుద్ధనౌక అది. తూర్పు పాకిస్తాన్‌లో అంతర్యుద్ధం రాజుకుని, చివరికి మన దేశమూ అందులో దిగిన ఏడాది, ఆ ఓడ బంగాళాఖాతంలో తిరుగుతోందని మామ ఉత్తరం రాశాడు. ఇంట్లో ఉత్తరాలు చదివిపెట్టే పని నాది, అప్పటికి నాకు పన్నెండేళ్లు. నేను "డిస్ట్రాయర్" అని చదివితే అమ్మమ్మ చెవికి "దిష్టాయర్" అని సోకింది.

"ఏందీ, దిష్టి ఓడనా? నా కొడుకును దిష్టి ఓడ ఎక్కించిండ్రా?" అని గుండెలు బాదుకుంది. ఎంత చెప్పినా వింటేగా! "వాళ్లల్ల వాళ్లు కొట్లాడుకుంటుంటే ఆ ముసలి ఓడకు నడిమిట్ల ఏం పనే?" అని నన్నే నిలదీసింది, ఓడను నేనే పంపినట్టు. ఆ రోజు నుంచి దీపాలు పెట్టే వేళకు వాకిట్లో తూర్పుకు తిరిగి, ఉప్పూ మిరపకాయలూ గాలిలో మూడు చుట్లు తిప్పి కుంపట్లో వేసేది. ఘాటు రాకపోతే దిష్టి గట్టిగా తగిలిందని ఆమెకు ఏడుపు. ఘాటొస్తే పక్కింటివాళ్ల తిట్లు. యుద్ధం అయిపోయి మామ క్షేమంగా ఉన్నాడని ఉత్తరం వచ్చినా ఆ పని మానలేదు.

మామ సెలవు మీద వచ్చినప్పుడు ఈ సంగతి నవ్వుతూ చెప్పాను. ఆయన నవ్వలేదు. "దుష్మన్‌తోని కాదు బిడ్డా, మా బాయిలర్‌తోనే మాకు పరేషాన్. ఎప్పుడు పగుల్తదోనని రోజూ సచ్చి బతికినం. అమ్మ తీసిన దిష్టికే నిలవడ్డది కావచ్చు" అన్నాడు. అప్పటినుంచి ఆయనకూ అది దిష్టి ఓడే.

ఆ బాయిలర్ మోత ఆయన చెవులు రెండూ తినేసింది. కొన్నేళ్లకు ఇంటికి పంపేశారు. సంబంధాలు వచ్చాయి, చెవుడని తెలిసి వచ్చిన దారినే పోయాయి. మేం చెప్పేదంతా పలక మీద రాసి చూపించేవాళ్లం. ఊళ్లో ఫౌజీలకు కొదవలేదు కాని, నేవీవాడు ఈయనొక్కడే. తిరుమలగిరి ఇరానీ హోటల్లో రిటైరైన ఆర్మీవాళ్లు "ఏ నేవీ సాబ్? హుస్సేన్‌సాగర్ నేవీయా?" అని పగలబడి నవ్వేవాళ్లు. మామకు వినపడక వాళ్లతోపాటు తానూ నవ్వేవాడు.

అమ్మమ్మ పోయిన మరుసటి ఏడు, పాత స్నేహితుడొకడు ఉత్తరం రాశాడు. ఓడ పనైపోయిందట, విశాఖలో కట్టేసి ఉంచారట, త్వరలోనే లాక్కుపోయి తుక్కు చేస్తారట. మామ ఆ పూటే ట్రంకుపెట్టె సర్దాడు. బట్టల మీద అమ్మమ్మ డబ్బాలో మిగిలిన ఉప్పు, ఎండుమిరపకాయల పొట్లం పెట్టుకున్నాడు. "నాతోని జెర విశాఖ దాకా రా బిడ్డా. స్టేషన్ల ఏం చెప్తరో నాకు వినవడది. అమ్మ ఇన్నొద్దులు గీ వాకిట్ల నిలవడే దిష్టి తీసింది. ఒక్కసారి దాని దగ్గర నిలవడి నేను తీస్త" అన్నాడు.

నాకు అప్పుడే కొత్త ఉద్యోగం. అడిగితే సెలవు ఇచ్చేవాళ్లే, అబద్ధమెందుకు? నాకు సిగ్గేసింది. తెల్ల యూనిఫాంలలో ఆఫీసర్లు చూస్తుండగా, ఓ చెవిటి మనిషి అంత ఇనుముకు మిరపకాయలు తిప్పడం, పక్కన నేను నిలబడటం! "వచ్చే వారం పోదాం మామా" అని పలక మీద రాశాను. ఆ వారం వచ్చాక అడిగితే అదే పలక చూపించాను. ఆ అక్షరాలు ఆయన చెరపలేదు. మూడు వారాలు ట్రంకుపెట్టె గుమ్మం పక్కనే ఉంది. మూడో వారం కార్డు వచ్చింది, ఓడను లాక్కుపోయారని.

ఆ సాయంత్రం మామ తనే కుంపటి రాజేసి, తూర్పుకు తిరిగి మూడు చుట్లు తిప్పి పొట్లం మొత్తం నిప్పుల్లో పోశాడు. అబ్బ, ఏం ఘాటు! గల్లీ గల్లీయే దగ్గింది. మామ కళ్లు తుడుచుకుంటూ నా వైపు చూశాడు. "సూస్తివా? దిష్టి లేదు, ఏం లేదు. ఓడకు వయసైంది, గంతే." తరువాత పలక తీసుకుని కండువాతో తుడిచేశాడు.

మామ పోయి కూడా ఎన్నో ఏళ్లయింది. మొన్న చెప్పులు తొడుక్కుంటూ మా పనమ్మాయి, "ఊరికి పోతున్న, వచ్చే వారం వస్తనమ్మా" అంది. సరేనన్నాను. గుమ్మం వైపు చూస్తూ కూర్చున్నవాళ్లకు ఒక్క వారం ఎంత పొడుగో, ఇన్నేళ్లకు నా వంతు వచ్చాక తెలుస్తోంది.