రాళ్లవానలో మా మామగారి జారుడు

మొన్న సాయంత్రం గచ్చిబౌలిలో మా అపార్టుమెంటు బాల్కనీలో కూర్చుని ఉండగా మా మనవరాలు ఫోనులో ఒక వీడియో చూపించింది. ఎక్కడో మంచు కురిసే కొండ ఊళ్లో కుర్రాళ్లు కాళ్ల కింద చెక్కలు బిగించుకుని ఇళ్ల మెట్ల మీదుగా సర్రున జారుతున్నారు. ఎదురుగా ఒక ఫొటోగ్రాఫరు ఆ గాలిలో గజగజ వణుకుతూ కెమెరా అద్దం తుడుచుకుంటున్నాడు, తుడిచేలోగా జారేవాడు కాస్తా జారిపోతున్నాడు. మనవరాలు ఆ కుర్రాళ్లను చూసి కేరింతలు కొట్టింది గానీ నా జాలంతా ఆ ఫొటోగ్రాఫరు మీదే. మంచు ముఖం ఎరగని ఈ రాతినేల మీదే, డెబ్భైల్లో ఆ అవస్థ నేనూ పడ్డానంటే నా ఈడువాళ్లయినా నమ్ముతారో లేదో.

అప్పుడు నేను నాంపల్లిలో ఒక స్టూడియోలో పనిచేసేవాణ్ణి. కొత్తగా పెళ్లయింది. అత్తవారిల్లు గచ్చిబౌలి దాపున, జొన్నచేలూ సీతాఫలం పొదలూ ఏనుగుల్లాంటి బండలూ తప్ప మరేమీ లేని చోట. మా మామగారు ఊరికి పెద్దమనిషి. నెత్తిన తెల్ల రుమాలు, చేతిలో కర్ర. ఆయన దగ్గితే వీధికుక్కలు కూడా పక్కకు తప్పుకునేవి. సంబంధం కుదిర్చినవాడు ఏం చెప్పాడో గానీ, నేను సర్కారు ఆఫీసులో ఫొటోలు తీసే గుమాస్తానని ఆయన అనుకున్నారట. అసలు సంగతి తెలియగానే, "ఫొటోలు గుంజుడు గూడ ఒక నౌకరేనా? జర మంచి కొలువు చూస్కో, అప్పుడు పంపిస్త పిల్లను" అని కూతుర్ని తన ఇంట్లోనే ఉంచేసుకున్నారు. నేను ప్రతి ఆదివారం సైకిలు తొక్కుకుంటూ వెళ్లి, ఆయన ఎదుట చేతులు కట్టుకుని కూర్చుని, వంటింటి గుమ్మంలోంచి మా ఆవిడ విసిరే ఒక చూపుతో కడుపు నింపుకుని తిరిగొచ్చేవాణ్ణి.

ఆ ఇంట్లో నా పక్షాన నిలిచే ప్రాణి మా బావమరిది ఒక్కడే. పెళ్లీడు వచ్చినా పనీపాటా పట్టని మనిషి. పట్నంలో సినిమాకు ముందు వేసే వార్తల రీలులో మంచు మీద జారేవాళ్లను చూసినప్పటినుంచీ అతనికి అదే యావ. పశువుల కొట్టం తలుపు రెక్క ఒకటి ఊడదీసి, ముందు కొస గుండ్రంగా చెక్కి, అడుగున ఆముదం దట్టంగా పట్టించి, అనుమానం రాకుండా మళ్లీ దాని చోటే ఆనించి ఉంచాడు. ఇంటి వెనక నున్నటి ఏటవాలు బండ ఉండనే ఉంది. "మంచు లేకుంటేంది బావా, రాళ్లవాన లేదా? నేను జారుత, నువ్వు ఫొటో గుంజు. పేపర్ల వస్తే మా నాయిన నీకు సలాం కొడ్తడు" అనేవాడు. ఆ సలాం మీది ఆశే నన్ను ముంచింది.

ఆ వేసవిలో ఒక ఆదివారం మధ్యాహ్నం ఆకాశం నల్లగా కమ్ముకుని, ఉసిరికాయలంత వడగళ్లు పడ్డాయి. చూస్తుండగానే బండంతా మల్లెలు పరిచినట్టు తెల్లబడింది. మామగారు భోజనం చేసి కునుకు తీస్తున్నారు. బావమరిది తలుపు రెక్క నెత్తిన పెట్టుకుని వెనక దారిన బండెక్కాడు. నేను కింద నిలబడి గొడుగు విప్పానో లేదో, గాలికి అది తిరగబడి చేలోకి ఎగిరిపోయింది. నా కెమెరా పైనుంచి తల వంచి చూసే రకం కావడంతో, వంచిన తల మీద వడగళ్లు ఒకదాని వెంట ఒకటి మొట్టికాయలు వేస్తున్నాయి. అద్దం మీద ఆవిరి. తుడుద్దామంటే ఒంటి మీద పొడిగుడ్డ లేదు. ఇంతలో మా ఆవిడ గొంగడి పట్టుకుని పరుగెత్తుకొచ్చి ఇద్దరి తలల మీదా కప్పి, కొంగుతో అద్దం తుడిచింది. పెళ్లయ్యాక మేము అంత దగ్గరగా నిలబడింది అప్పుడే కాబట్టి, కెమెరా మీద నా ధ్యాస ఎంతవరకు నిలిచిందో మీరే ఊహించుకోండి.

ఆ ధ్యాస మళ్లీ కుదిరేలోగా బండ మీద మామగారు ప్రత్యక్షమయ్యారు. కొట్టంలో బర్రెలు బెదిరి అరుస్తుంటే లేచి చూశారట, తలుపు లేదు.

"అరే, కొట్టం దర్వాజ తెచ్చి గిక్కడ ఏం జేస్తున్నవ్‌రా?" అని గర్జిస్తూ, కొడుకు దాన్ని ఎత్తుకుపోకుండా ఒక కాలు చెక్క మీద వేసి అదిమారు. బావమరిది బెదిరి పక్కకు దూకాడు. మామగారి రెండో కాలు వడగళ్ల మీద జారి, అదీ వచ్చి చెక్క మీదే పడింది. ఇక ఆముదం తన పని తాను చేసింది.

నిలువునా నిలబడే వచ్చారాయన. ధోవతి జెండాలా రెపరెపలాడుతోంది, కర్ర ఆకాశానికి లేచి ఉంది, రుమాలు మాత్రం చెక్కు చెదరలేదు. నా వేలు నాకు తెలియకుండానే మీట నొక్కింది. ఆయన మమ్మల్ని దాటుకుని వెళ్లి గడ్డివాములో దూరిపోయారు. "నాయినా!" అని మా ఆవిడ కెవ్వుమంది. కాసేపటికి గడ్డి కదిలింది. ముందు రుమాలు, తర్వాత మీసం బయటికొచ్చాయి.

"గుంజినవా?" అన్నారు. తలూపాను.

"ఎవ్వనికన్న చూపెడ్తివో, ఇగ ఈ గడప తొక్కకు."

నేనైతే ఎవరికీ చూపించలేదు. ఆరబెట్టిన ఫొటోను మా స్టూడియో యజమాని చూసి, నేను పనిలోకి వచ్చేసరికే వీధి వైపు అద్దంలో పెట్టేశాడు. తీసేయమని ఎంత బతిమాలినా వినలేదు. ఆ వారంలోనే విత్తనాల కోసం పట్నం వచ్చిన మామగారు, అల్లుడి మీద నమ్మకం చాలక అటుగా వచ్చి, అద్దం ముందు గుమిగూడిన జనంలో నిలబడ్డారు. స్టూడియో లోపల నా పై ప్రాణాలు పైనే పోయాయి.

కాలేజీ కుర్రాడొకడు, "ఎవర్రా ఈ తాత, కాశ్మీర్ల గిట్ల జారుతుండు!" అన్నాడు. మామగారు ఫొటోనే చూస్తున్నారు. ఆ రోజు ఆయన భయంతో నోరు తెరిచారనుకున్నాం మేమంతా. ఫొటోలో చూస్తే పళ్లన్నీ కనిపించేలా నవ్వుతున్నారు. గొంతు సవరించుకుని, "కాశ్మీర్ గాదు బిడ్డా, గచ్చిబౌలి. గాయన నేనే" అన్నారు. కుర్రాళ్లు ఎగబడి చేతులు కలిపారు. ఫొటో తీసిందెవరని ఎవరో అడిగితే కర్రతో నన్ను చూపించి, "మా అల్లుడు. పనిమంతుడు" అన్నారు.

మర్నాడే ఎడ్లబండిలో పెట్టెతో సహా కూతుర్ని తీసుకొచ్చి దింపారు. బావమరిది మాత్రం, తన చెక్క మీద తండ్రి జారిపోయాడన్న ఉక్రోషంతో చాలాకాలం ఆయనతో సరిగ్గా మాట్లాడలేదు. అంతటి రాళ్లవాన మళ్లీ పడనూ లేదు.

ఆ బండను మందుపెట్టి పేల్చేసి చాలా ఏళ్లయింది. అక్కడ లేచిన అద్దాల భవనాల మధ్య ఏటవాలు ఎటు ఉండేదో నాకే ఆనవాలు దొరకదు. ఇప్పుడు వడగళ్లు పడితే జనం ముందు కారు అద్దాల కోసం పరుగెడతారు. మామగారూ లేరు, బావమరిదీ లేడు. ఆ కుర్రాడు తాత అన్నాడు గానీ, ఆయనకప్పుడు యాభై దాటి ఉండవు. నేను ఆ వయసు దాటే ఎంతో కాలమైంది. మెట్లు దిగాలంటే గోడ పట్టుకుంటాను, తుంపర పడితే లోపలికి వచ్చేస్తాను. కాలు జారితే నాకు ముందు గుర్తొచ్చేది దవాఖాన. ఆయనకు నవ్వెలా వచ్చిందో అడగాలని ఇన్నేళ్లలో ఒక్కసారైనా తోచకపోయిందే!