డిస్కుతో నా మొండిపట్టు

మొన్న ఆదివారం నేను చేసిన ఘనకార్యం వినండి. నా ఉద్యోగం మీద నాకే నమ్మకం పోయింది.

నాది స్టోరేజ్ డ్రైవర్లు రాసే పని. డ్రైవరంటే బండి తోలేవాడు కాదులెండి, కంప్యూటర్‌కీ డిస్కుకీ మధ్య మాటలు మోసే ప్రోగ్రామ్. ఫలానా ముక్క చదివివ్వమని డిస్కుని అడుగుద్ది. ఇవ్వలేకపోతే ఆ కమాండ్‌ని మళ్ళీ క్యూలో పెట్టి ఇంకోసారి అడుగుద్ది. ఐదుసార్లకీ రాకపోతే ఎర్రర్ అని చెప్పేసి తర్వాతదానికి పోద్ది.

నరసరావుపేటలో మా ఇంట్లో పాత కంప్యూటర్ ఒకటుంది. అందులో మా నాన్న గొంతుంది. ఆయన పోయి చానా ఏళ్ళయింది. మా కారం మర దగ్గర ఒకరోజు సరదాగా ఫోన్లో రికార్డు చేసి అందులో దాచా. మిగిలింది అదొక్కటే.

"ఒరేయ్, ఆ డిస్కు పోకముందే నా ఫోన్లోకి ఎక్కించు. ఆయన మాట వినాలనుంది" అంది అమ్మ.

ఫోల్డర్ మొత్తం కాపీ పెట్టా. మొదట్లోనే ఎర్రర్, కాపీ ఆగిపోయింది. నాన్న ఫైలే పోయిందనుకున్నా. ఏ ఫైలుకి వచ్చిందో కూడా చూడలా. నాన్న కోసం ఐదుసార్లేంది అని డ్రైవర్‌లో ఆ లిమిట్ తీసేశా.

డిస్కు టక్ టక్‌మంటా ఉంది. మౌస్ కదలట్లా. గంటయింది. వంటింట్లోంచి అమ్మ "అయిందా?" అంటే, "అడుగుతా ఉందమ్మా" అన్నా. ఆ చప్పుడు వింటా కూర్చుంటే మర గుర్తొచ్చింది. నాన్న చొక్కా ఎప్పుడూ కారం ఘాటే. చిన్నప్పుడు నన్నెత్తుకుంటే తుమ్మేవాణ్ణంట. ఇప్పుడా ఘాటు ఎక్కడ తగిలినా బెంగగా ఉంటది.

రెండో గంటకి అమ్మొచ్చి పెట్టె మీద చెయ్యేసింది. "కాలిపోతందిరా. దాన్ని చంపుతావేంది?" అని స్విచ్ కట్టేసింది.

చల్లారాక లిమిట్ మళ్ళీ పెట్టి, రానిదాన్ని వదిలి ముందుకు పొమ్మని చెప్పా. ఈసారి చూద్దును గదా, ఆగింది నాన్న ఫైలు దగ్గర కాదు. కాలేజీ ఫంక్షన్లో నేనేసిన డాన్సు వీడియో దగ్గర. ఐదుసార్లడిగి దాన్నొదిలేసింది, మరుక్షణం నాన్న ఫైలు వచ్చేసింది. పాపం అది నిక్షేపంగా ఉంది. నా డాన్సు వెనకాల రెండు గంటలు నిలబడిందంతే.

అమ్మ ఫోన్ చెవి దగ్గర పెట్టుకుంది. మర చప్పుడు, దాని మీదుగా నాన్న నన్ను తిట్టడం వినపడింది.

"ఒరేయ్, ఆ కాయలు తడిగా ఉన్నయ్యంటే మళ్ళీ మళ్ళీ అయ్యే పోస్తావేందిరా? పక్కనబెట్టి వెనకోళ్ళయి పొయ్యి."

అమ్మ ఏడుస్తానే నవ్వింది. "అప్పుడూ ఇంతే, చెప్తే వినేవాడివి కాదు" అంది.

నిజమే. ఆరోజు నేను రికార్డు చేశానేగానీ, వినలా.