శుక్రవారం బుద్ధుడు

జ్ఞానదాసుకి ఉన్న జబ్బు ఒక్కటే: చేసిన ప్రతి లాకెట్టు వెనకా అది ఏ రోజున చేశాడో చెక్కందే బల్ల ముందు నుంచి లేవడు. పోనీ, చెక్కి ఊరుకుంటాడా? కొనేవాడికి తిప్పి మరీ చూపిస్తాడు.

విశాఖ హార్బరు గేటు బయట, ఓడలు దిగి వచ్చే నావికులకి ఇత్తడి లాకెట్లు అమ్మేవాళ్లం. శంకరం కొండ మీది పాతకాలపు బుద్ధుడూ, స్తూపమూ ఆయన చేతిలో గోరంత అయ్యేవి. చేసేది ఆయన, ఇంగ్లీషులో అమ్మేది నేను. లైబ్రరీలో కూర్చుని సొంతంగా నేర్చుకున్న ఇంగ్లీషు. ఏ కాలేజీ పెట్టిన భిక్షా కాదు.

"ఈ బుద్ధుడికి రెండు వేల ఏళ్లు" అని ఒక గ్రీకు నావికుడికి చెబుతున్నాను. వాడి కళ్లు మెరుస్తున్నాయి. సరిగ్గా అప్పుడే జ్ఞానదాసు మధ్యలో దూరాడు.

"నో ఓల్డ్! నో ఓల్డ్! నాను సేసినాను. ట్యూస్‌డే!"

నావికుడు వెళ్లిపోయాడు.

"మావా, నీకేటైనా పిచ్చా?"

"మంగళోరం సేసిందాన్ని మంగళోరం అనక ఏటంతార్రా?"

"చరిత్ర అంతారు!"

ఇంకో రోజు ఒక రష్యావాడు స్తూపం బాగుందని తీసుకోబోతే చేతిలోంచి లాక్కున్నాడు. "మండే బేడ్. ఆరోగ్యమ్మతో తగువు. థర్స్‌డే టేక్." ఆరోగ్యమ్మ ఆయన భార్య.

అబద్ధాలు అమ్మి మేడలు కట్టినవాళ్లతో నిండిన ఈ ఊళ్లో, నా వాటాకే ఈ సత్యవంతుడు రావాలా? మండిపోయి ఒక ఆకురాయి కొన్నాను. ఆయన చూడకుండా బుద్ధుళ్ల వీపులు అరగదీసి, ఉప్పుమట్టిలో పాతి, నల్లబడ్డాక విడిగా అమ్మడం మొదలుపెట్టాను.

మూడు నెలలకి వాటిలో ఒకటి ఓ నావికుడి సంచిలో దొరికింది. గేటు దగ్గర కస్టమ్స్ అధికారి నన్ను పట్టుకుని కూర్చోబెట్టాడు.

"పురాతన వస్తువులు దేశం దాటిస్తే జైలని తెలుసా?"

"కొత్తదే సార్."

"రెండు వేల ఏళ్లని నువ్వే చెప్పావటగా?"

ఉక్కు ఫ్యాక్టరీకి మా పొలం పోయినందుకు నాకు ఉద్యోగం రావాలి. ఉద్యోగం ఇచ్చేముందు నా మీద కేసులున్నాయేమోనని చేసే పోలీసు విచారణ ఆ వారమే. కేసు పడితే పొలమూ లేదు, ఉద్యోగమూ లేదు.

ఎవరు చెప్పారో, జ్ఞానదాసు రొప్పుతూ వచ్చాడు.

"అది నాను సేసిందే సారూ."

"రుజువేది? వెనక ఏమీ లేదు."

ఆయన నావైపు చూడలేదు. గొలుసు దూర్చే గొట్టాన్ని పట్టకారుతో విప్పి ఇచ్చాడు. లోపల చీమ తలకాయంత అక్షరాలు. అధికారి భూతద్దం పెట్టి చదివాడు: "జ్ఞానదాసు. శుక్రవారం. 9-3-84."

అధికారి నవ్వాపుకుంటూ నన్ను నాలుగు తిట్టి వదిలేశాడు.

బయటికి రాగానే నేనే గొడవకి దిగాను. "అయితే, నాను అరగదీత్తన్నానని నీకు తెలుసన్నమాట!"

"మొదట్నుంచీ తెలుసు."

"మరి సెప్పలేదేటి?"

"సెప్తే వింతావేటి, పుస్తకాలు సదివినోడివి? ఏదో ఒకనాడు దొరికిపోతావని అన్నిటికీ లోపల కూడా కొట్టేత్తన్నాను. కళ్లు పోతన్నాయి గానీ, ఏం సేత్తాం."

ఎంత అన్యాయం! మూడు నెలలు ఒక మనిషి కళ్లు పొడుచుకుని నన్ను కాపాడుతూ, నాకు ఒక్క ముక్క చెప్పకపోవడమా? ఆ కోపం చల్లారక, ఉక్కు ఫ్యాక్టరీలో మొదటి జీతం అందగానే ఆయన్ని లాక్కెళ్లి కళ్లజోడు చేయించాను.

పెట్టుకుని నన్ను ఎగాదిగా చూశాడు.

"ఏట్రా కన్నబాబూ, నీకు మీసం ఎప్పుడొచ్చింది?"