పొయ్యికాడి ముచ్చట

2022లో వానలు మొదలైన వారం అది. హనుమకొండలో ఒక మందుల దుకాణం పైన రెండు గదుల్లో నా స్పీచ్ థెరపీ క్లినిక్ నడుస్తోంది. స్పీచ్ థెరపిస్టు అంటే చాలామంది దృష్టిలో నత్తి డాక్టరే. మాటలు రాని పిల్లల్ని తీసుకొస్తారు. నత్తి ఉన్న కుర్రాళ్లు పెళ్లిచూపులు దగ్గరపడ్డాక పరుగెత్తుకొస్తారు. నేను డాక్టర్ని కానని చెప్పీ చెప్పీ విసుగొచ్చి మానేశాను. మా పనిలో ఇంకో పెద్ద భాగం ఉంది, అది బయటివాళ్లకు అంతగా తెలియదు. స్ట్రోక్ వచ్చి, అంటే మెదడులో ఒక భాగానికి రక్తం అందక, నిన్నటిదాకా గలగలా మాట్లాడిన మనిషికి మాట పడిపోతే, ఆ మాటను మళ్లీ ఒక్కొక్కటిగా వెతికి తేవడం.

సుగుణమ్మ గారు అలాగే వచ్చారు. తెల్లచీర, ఎడమ భుజాన సంచి, ఆ సంచిలో జిప్పు కవరు వేసిన బైబిలు. కుడి చెయ్యి పట్టు తప్పి వేలాడుతోంది. భర్త దానియేలు గారు ఆమెను పట్టుకుని నెమ్మదిగా మెట్లెక్కించారు. ఆయనకు మట్టెవాడలో కుట్టుమిషన్లు బాగుచేసే చిన్న దుకాణం ఉంది. ఎంత కడిగినా పోని నూనె మరకలు వేళ్ల సందుల్లో కనిపించేవి.

సుగుణమ్మ గారు వాళ్ల చర్చికి బైబిల్ స్త్రీ. అంటే పాస్టరు కాదు. సంచి భుజాన వేసుకుని ఇల్లిల్లూ తిరిగి, రోగుల మంచం పక్కన, బాలింతల పక్కన కూర్చుని వాళ్ల కోసం ప్రార్థన చేసే మనిషి. చర్చి వాళ్లే కాదు, గుడికి వెళ్లే తల్లులు కూడా పిల్లలకు జ్వరమొస్తే ఆమెకు కబురు పెట్టేవారట. దవాఖానకు పోతూ పోతూ ఆమె గడప దగ్గర ఆగి తల వంచేవాళ్లు కూడా ఉన్నారట.

నేనూ క్రైస్తవురాలినే. రఘునాథపల్లిలో పుట్టి, ఆదివారం బడిలో పెరిగాను. భోజనానికి ముందు చెప్పే ప్రార్థన నాకు ఎంత బాగా వచ్చంటే, లంచ్ బాక్సు మూత ఊడేలోగా ఆమేన్ దాకా అయిపోతుంది. ఈ సంగతి ఇప్పుడే చెప్పి పెడుతున్నాను, తర్వాత అవసరమవుతుంది.

మొదటి రోజు పరీక్షలో దువ్వెన చూపించి ఇదేమిటని అడిగాను. ఆమె ఎడమ చేత్తో తల దువ్వుకుంటున్నట్టు చేసి చూపించారు. పేరు మాత్రం రాలేదు. భర్త పేరు అడిగితే ఆయన వంక చూసి నవ్వారు, అంతే. దీన్ని అఫేజియా అంటాం. ఆమెకు మతి పోలేదు, ఎదుటివాళ్లు చెప్పేది అర్థమవుతోంది. చెప్పాలనుకున్న మాట లోపలే ఉంది. బీరువా నిండా బట్టలుండి తాళంచెవి పోయినట్టు, వేళకు అది చేతికి రావడం లేదు.

తర్వాత నేను ఒకటి, రెండు అని అందిస్తే పది దాకా ఆమే లెక్కపెట్టారు. వారాల పేర్లూ అలాగే వచ్చాయి. బైబిల్ స్త్రీ కదా అని, చర్చిలో అందరూ కలిసి చెప్పే ప్రభువు ప్రార్థనలో మొదటి మాట అందించాను. ఒక్క తడబాటు లేకుండా చివరి దాకా చెప్పేశారు. దానియేలు గారు స్టూలు మీద కూలబడి తువ్వాలుతో మొహం కప్పుకుని ఏడ్చారు.

ఆయన్ని పక్కకు పిలిచి నెమ్మదిగా వివరించాను. దీన్ని ఆటోమేటిక్ స్పీచ్ అంటాం. ఏళ్ల తరబడి వల్లించినవి పూలదండలా ఒకదాని వెంట ఒకటి వచ్చేస్తాయి, కొస పట్టుకుని లాగితే చాలు. మంచి సూచనే గానీ మాట తిరిగొచ్చినట్టు కాదు, అప్పుడే ఎవరికీ చెప్పకండి అన్నాను. ఆయన తల ఊపారు. తల ఊపినవాళ్లంతా విన్నట్టు కాదని మా పనిలో ఎన్నిసార్లు తెలుసుకున్నా మళ్లీ మళ్లీ మర్చిపోతుంటాం.

తర్వాత వాళ్లు రావడం మానేశారు. కొన్ని వారాలకు దానియేలు గారు ఒక్కరే వచ్చి, లోపలికి రాకుండా గుమ్మం దగ్గరే నిలబడ్డారు. జరిగింది ముక్కలు ముక్కలుగా చెప్పారు. నా దగ్గరికొచ్చిన ఆ వారం ఆదివారమే ఆమె చర్చిలో ప్రభువు ప్రార్థన చెప్పిందట. అందరూ స్తోత్రం స్తోత్రం అంటూ చేతులెత్తారట. ఇగ కృతజ్ఞతా కూటం పెట్టాల్సిందే అన్నారట. దేవుడు ఒక మేలు చేశాడంటే ఆ ఇంటివాళ్లు నలుగురిని పిలిచి, భోజనం పెట్టి, జరిగిన మేలును తమ నోటితో చెప్పడం మావాళ్ల ఆనవాయితీ. దాన్ని సాక్ష్యం అంటాం. ఇంటి ముందు షామియానా వేశారు, కూరలు వండారు, సుగుణమ్మ గారి చేతికి మైకు ఇచ్చారు.

ఆమె నోరు తెరిస్తే ప్రభువు ప్రార్థన వచ్చింది. అందరూ ఆమేన్ అని, సాక్ష్యం కోసం మళ్లీ ఎదురుచూశారు. మళ్లీ అదే వచ్చింది. మూడోసారి అదే వస్తోందని ఆమెకు తెలుస్తూనే ఉంది. ఏడుస్తూనే ఉంది, అయినా అది ఆగకుండా ఆమేన్ దాకా వచ్చింది. పాస్టరమ్మ వచ్చి భుజం చుట్టూ చెయ్యి వేసి మైకు తీసుకుని పాట ఎత్తుకుందట. ఆ రోజు నుంచి సుగుణమ్మ గారు గడప దాటలేదు. నోరు తెరవలేదు.

"మీరు వద్దనే చెప్పిండ్రు మేడం. కని దేవుడు చేసిన మేలు దాచిపెడ్తె పాపం కదా అనుకున్న" అన్నారు దానియేలు గారు.

అవిశ్వాసి అయితే నా మాట వినేవాడేమో. విశ్వాసం గల మనిషి కాబట్టే ఆ పొరపాటు చేశాడు.

ఎలాగో నచ్చజెప్పి ఆమెను మళ్లీ తీసుకొచ్చారు. పని మొదలుపెట్టే ముందు నాలుక కదలడానికి సులువుగా వచ్చేవి చెప్పించడం మా అలవాటు. అలవాటు కొద్దీ ప్రభువు ప్రార్థన ఎత్తుకున్నాను. ఆమె చటుక్కున ముందుకు వంగి ఎడమ అరచేత్తో నా నోరు మూశారు. గట్టిగానే మూశారు. తర్వాత చాలాసేపు పెదవులు కదిపి, కదిపి, రెండు మాటలు పైకి తెచ్చారు.

"నాది... కాదు."

స్ట్రోక్ తర్వాత ఆమె సొంతంగా చెప్పిన మొదటి మాట అదే.

మామూలుగా మేం మంచినీళ్లు, అన్నం, బాత్రూం, నొప్పి లాంటి మాటలతో మొదలుపెడతాం. రోజు గడవడానికి కావలసినవి అవే కదా. ఆ బొమ్మల కార్డులన్నీ ఆమె పక్కకు నెట్టేశారు. వేలు పైకి చూపి, మళ్లీ తన నోటి మీద పెట్టుకుని, మళ్లీ పైకి చూపారు.

"ఆయనతోని మాట్లాడాలె అంటాంది" అన్నారు దానియేలు గారు.

ఆమె అవునన్నట్టు తల ఊపి, "దూరం" అన్నారు. ఆ మాట ఆ తర్వాత కూడా చాలాసార్లు విన్నాను. పాఠం మధ్యలో అలసిపోతే, కిటికీ అవతల వాన వైపు చూస్తూ "దూరం" అనేవారు. ముప్పై ఏళ్లుగా రోజూ మాట్లాడుకున్న మనిషితో ఉన్నట్టుండి మాట ఆగిపోతే ఉండే దిగులు అది. ఆమె అడుగుతున్నది ఆరోగ్యం కాదు, చెయ్యి బాగవడం కూడా కాదు. ఆమెకు దేవుడి మీద బెంగగా ఉంది. అలాంటి బెంగ నాకెప్పుడూ కలగలేదన్న సంగతి ఆ గదిలోనే మొదటిసారి తట్టింది, తట్టి చాలా ఇబ్బంది పెట్టింది.

సరే, ప్రార్థనకు కావలసిన మాటలే నేర్పుదామని కూర్చున్నాను. స్తోత్రం, కృప, మహిమ, అనుగ్రహించుము. వారాలు గడిచాయి. ఒత్తులున్న చోటల్లా ఆమె నాలుక తట్టుకుని పడిపోయేది. ఒకవేళ మాట వచ్చినా మొహంలో వెలుగు ఉండేది కాదు. నేను చప్పట్లు కొడితే చిన్నపిల్లను చేస్తున్నావా అన్నట్టు గుర్రుగా చూసేవారు.

ఒకరోజు విసిగిపోయి, అంకుల్, అమ్మ ఇంట్లో ఎట్లా ప్రార్థన చేసేదని అడిగాను. అందరి ముందైతే పుస్తకంలో ఉన్నట్టే చేసేదని చెప్పారు. మావాళ్లంతా అంతే. ఇంట్లో ఎట్లా మాట్లాడినా దేవుడి ముందు నిలబడగానే మాట తీరు మారిపోతుంది, ఇస్త్రీ చీర కట్టుకున్నట్టు. ఆయన ఎవరికీ చెప్పకూడని సంగతి చెబుతున్నట్టు గొంతు తగ్గించారు.

"ఒక్కతే ఉన్నప్పుడు గట్ల కాదు మేడం. పొయ్యికాడ ఆయనతోని ముచ్చట పెట్టేది. మన భాషల్నే. ఎవలన్న అచ్చిండ్రా అని నేను లోపలికి తొంగి చూసేటోణ్ణి."

సుగుణమ్మ గారు సిగ్గుపడి చీరకొంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు. ఆ సిగ్గు చూశాక ఇక క్లినిక్‌లో కూర్చుని లాభం లేదనిపించింది.

శనివారం పొద్దున మట్టెవాడ వెళ్లాను. ఇరుకైన వంటిల్లు, గోడకు ఆనించిన గ్యాస్ పొయ్యి, దాని పైన చిన్న కిటికీ. స్ట్రోక్ తర్వాత ఆమెను వంటింట్లోకి రానివ్వడం లేదట, చెయ్యి కాల్చుకుంటుందని భయం. నేను పొయ్యి ముట్టించి, ఛాయ్ పెట్టమన్నాను. చేతులు ఒక పని చేస్తుంటే ఆ పనికి అతుక్కున్న మాటలు కొన్నిసార్లు వాటంతట అవే కదులుతాయి. ఆమె ఎడమ చేత్తో గిన్నె పెట్టారు, పాలు పోశారు, కొన్ని కింద ఒలికించారు. నేనేమీ అడగలేదు. దానియేలు గారు గుమ్మం దగ్గర నిలబడ్డారు.

పాలు అంచు దాకా లేచాయి. ఆమె మంట తగ్గించి కిటికీ వైపు చూశారు. నా వైపు కాదు, భర్త వైపు కాదు.

"పాలు... పొంగె... సూడు."

చంటిపిల్ల తల్లిని పిలిచి చూపించినట్టు ఉంది ఆ గొంతు. ఆమె ఎవరితో మాట్లాడారో అర్థమైంది. గుమ్మం దగ్గర్నుంచి దానియేలు గారు చాలా భక్తిగా "ఆమేన్" అన్నారు. పెళ్లయినప్పటి నుంచి ఆ ఇంట్లో ప్రార్థనంతా ఆమెది, చివర్లో ఆ ఒక్క మాట మాత్రం ఆయనది. పాల ముచ్చటకు ఆమేన్ ఏమిటని ఆమె ఆయన వైపు తిరిగి పకపకా నవ్వారు. ఆయనా నవ్వారు, నవ్వుతూనే కళ్లు తుడుచుకున్నారు.

ఆ తర్వాత మా పనంతా వంటింట్లోనే. ఉల్లిగడ్డ కోస్తే "మండుతాంది" అనేవారు, కిటికీ వైపే చూస్తూ. చెయ్యి సహకరించకపోతే "సూస్తానవా?" అని నిలదీసేవారు. చర్చిలో ఆ దబాయింపు ఎవరైనా వింటే దడుచుకునేవాళ్లు. కొన్ని రోజులు ఏమీ వచ్చేది కాదు. పొయ్యి ముందు నిలబడి ఎదురుచూసేవారు, ఆయన గుమ్మంలో నిలబడి ఆమెతోపాటు ఎదురుచూసేవారు. పూర్వం ఆమె చేసిన పొడుగాటి ప్రార్థనలు మాత్రం తిరిగి రాలేదు. వస్తాయని నేనూ ఎప్పుడూ చెప్పలేదు.

చలికాలంలో ఒక రోజు నేను అక్కడ ఉండగానే పక్కింటి కోడలు ఆటో ఆపించి లోపలికి వచ్చింది. నెలలు నిండి నొప్పులు మొదలయ్యాయి. తొర్రూరు నుంచి ఆమె తల్లి ఇంకా రాలేదు. పిల్ల మొహం భయంతో పాలిపోయింది. అలవాటు కొద్దీ వచ్చి సుగుణమ్మ గారి ముందు తల వంచేసింది. ఆమెకు మాట లేదన్న సంగతి అప్పుడు గుర్తొచ్చినట్టుంది, తల ఎత్తబోయింది. సుగుణమ్మ గారు ఎడమ చెయ్యి ఆ తల మీద పెట్టి ఆపారు.

ప్రభువు ప్రార్థన వస్తుందేమోనని భయపడ్డాను. సులువుగా వచ్చేది అదే. ఆమె గొంతులో దాని మొదటి అక్షరం కదలడం కూడా విన్నాను. ఆమె పెదవులు బిగించి దాన్ని మింగేశారు. బయట ఆటో అతను హారన్ కొడుతున్నాడు. అయినా ఆమె తొందరపడలేదు.

"బిడ్డ... భయం. నువ్వు... ఉండు."

దానియేలు గారు ఆమేన్ అన్నారు. ఆ పిల్ల ఆమె చెయ్యి తీసుకుని కళ్లకద్దుకుని వెళ్లిపోయింది. సాయంత్రానికి ఆడపిల్ల పుట్టిందని, తల్లీబిడ్డా క్షేమమని కబురొచ్చింది. దీన్ని అద్భుతమని ఎక్కడా చెప్పకండని దానియేలు గారికి మరీ మరీ చెప్పాను. ఈసారి నిజంగానే చెప్పలేదు.

ఆ ఏడాది చివర్లో థెరపీ ముగించిన రోజు, ఇంకా దూరమేనా అమ్మా అని అడిగాను. నా కోసం అబద్ధం చెప్పే మనిషి కాదు. చాలాసేపు మాట కోసం వెతికారు.

"దూరమే. పిలుస్తాన" అన్నారు, పిలుస్తూనే ఉన్నానని.

ఈ కేసు వృత్తిపరంగా నేర్పింది చిన్నదే. రోగికి ఏ మాట కావాలో మనం ముందే తేల్చకూడదు, అడగాలి. నోటి నుంచి వచ్చేదల్లా మాట కాదు. దీన్ని నా దగ్గర శిక్షణకు వచ్చేవాళ్లకు ఇప్పటికీ చెబుతుంటాను. ఈ కేసు నాకు నేర్పిన రెండో సంగతి మాత్రం వాళ్లకు చెప్పను.

ఆమె దగ్గర సెలవు తీసుకుని క్లినిక్‌కు వచ్చి మధ్యాహ్నం అన్నానికి కూర్చున్నాను. బాక్సు మూత మీద చెయ్యి పడగానే నా ప్రార్థన దానంతట అది బయలుదేరింది. సగం అయ్యాక, ఎవరో నా నోటికి అరచెయ్యి అడ్డం పెట్టినట్టు ఆగిపోయాను. మరి నాదేదో చెబుదామని చూస్తే ఏమీ లేదు. మాటలు తెప్పించడమే బతుకుతెరువైన దాన్ని, మూత తెరిచిన అన్నం ముందు నోట మాట లేకుండా కూర్చున్నాను. అన్నం చల్లారిపోయింది. ఆయనతో మాట్లాడాలని ఉంది. అంతగా ఉందని అప్పటిదాకా నాకే తెలియదు. చివరికి వచ్చింది ఆదివారం బడిలో నేర్చుకున్న మాట కాదు, రఘునాథపల్లిలో మా అమ్మతో మాట్లాడే మాట.

"అలిసిన. జర కూసో."