చుక్కల గీత మీద పోయించిన ముగ్గు

పదకొండేళ్లుగా ఒక మాట నా గొంతులో అడ్డం పడి ఉంది. రోజూ వీధిలోకి వెళ్తాను. కనబడినవాళ్లు నమస్కారం పెడతారు, నేను తల పంకిస్తాను. పంకించిన ప్రతిసారీ ఆ మాట ఇంకాస్త లోపలికి దిగబడుతుంది. మీరు నన్నెరగరు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను కాబోలు.

మాది రెడ్డియార్‌పాళయం. ఒకప్పుడు వీధిలో సగం మాదే. తాతా, తరువాత నాన్నా ముక్కలు ముక్కలుగా అమ్ముకుంటూ పోగా నాకు రెండు గదులూ ఒక వరండా మిగిలాయి. స్థలం పోయినా ఒక అలవాటు మాత్రం పోలేదు. ఎవరికి ఏ కాయితం వచ్చినా మా వరండాకే తెస్తారు. ఈ తమిళ ప్రాంతపు తెలుగువాళ్లలో చాలామందికి తెలుగు మాట్లాడడమే వచ్చు, చదవడం రాదు. ఇంగ్లీషు సంగతి చెప్పనక్కర్లేదు. ఫ్రెంచివాళ్ల ఏలుబడిలో తాత ఫ్రెంచి దస్తావేజులు చదివి చెప్పేవాడు, నాన్న కోర్టు నోటీసులు. నేను రేషన్ కార్డు మొదలు ఆసుపత్రి చీటీ దాకా అన్నీ చదివి చెప్పాను. తెలియదు అనే మాట ఆ వరండాలో ఎవరూ వినలేదు. నా గర్వమల్లా అదే.

పక్కింటి కుప్పమ్మ భర్త మిల్లులో పనిచేసేవాడు, చనిపోయాడు. నాన్న అమ్మిన చిన్న స్థలంలో ఆమె, కొడుకు రేకుల కింద ఉండేవారు. ఎన్నో ఏళ్లు కూడబెట్టి పక్కా ఇల్లు మొదలుపెట్టింది. ఇంజనీరు ప్లాన్ గీసి, ఆఫీసులో అనుమతి ముద్ర వేయించి ఇచ్చి, మళ్లీ కనబడలేదు. ఆమె ఆ ప్లాన్ చుట్ట తెచ్చి నా చేతిలో పెట్టింది. చూసి మేస్త్రీకి చెప్పమంది.

నాకు ప్లాన్ చదవడం రాదు.

చూశారా, ఈ నాలుగు మాటలు రాయడానికి పదకొండేళ్లు పట్టింది. అప్పుడే అని ఉంటే ఏమయ్యేది? ఆమె మరొకరి దగ్గరికి వెళ్లేది. అంతే కదా. వంటిల్లు, పడకగది, మెట్లు అని రాసినవి చదివాను. గీతలే అర్థం కాలేదు. పడకగది గోడకు బయట, రెండడుగుల ఎడంగా, ఒక చుక్కల గీత ఉంది. పునాది మట్టిలో కనబడకుండా ఉంటుంది, అందుకే చుక్కలు పెట్టి ఉంటారు అని నాకు నేనే ఒక అర్థం కల్పించుకున్నాను. రెండు రోజులయ్యేసరికి అది నా ఊహ అన్న సంగతి కూడా మరిచిపోయాను.

పునాదికి ముగ్గు పోసే రోజున మేస్త్రీ మునుసామి సున్నం బుట్ట పట్టుకుని నిలబడ్డాడు. పడకగది గోడ ఆ చుక్కల గీత మీద రావాలని చెప్పాను. అతను ప్లాన్ మీదికి వంగి చూసి, తల గోక్కున్నాడు.

"చిన్నయ్యా, ఇది గోడ గీత గాదు. పైన సన్‌షేడ్ వస్తాది గదా, దాని అంచు. గోడ లోపల ఉండాది."

"నువ్వు చదివావా ఇది?"

"నాకు సదువు యాడుందయ్యా. ఇట్టాంటివి కట్టినాను, అంతే."

కుప్పమ్మ నవ్వింది. "ఏంది మేస్త్రీ, చిన్నయ్యకే పాఠం చెప్తాండావా? వాళ్ల తాత ఫ్రెంచి కాయితాలు సదివినోడు. నువ్వు యే కాలేజీ?"

కూలీలు కూడా నవ్వారు. మునుసామి నవ్వలేదు. నా వైపే చూస్తున్నాడు. అతను చెప్పింది నిజమేనేమోనని నాకు ఆ క్షణంలోనే అనిపించింది. అనిపించిందని ఒప్పుకుంటున్నాను. ఇంతమంది ముందు వెనక్కి తగ్గడమా?

"కట్టడం వేరు, చదవడం వేరు. చెప్పినట్టు పోయ్."

"సరే అయ్యా. మీరు చెప్తే అట్నే."

పోశాడు. ఇల్లు లేచింది. కట్టడం పూర్తయిందని ఆఫీసు కాయితం ఇస్తేగాని కరెంటు రాదు కాబట్టి కొలవడానికి అధికారి వచ్చాడు. ప్రహరీ నుంచి టేపు లాగాడు. ఆ పక్కన అయిదడుగులు ఖాళీ వదలాలి, మూడే ఉంది. సన్‌షేడ్ ఆ ఖాళీలోకి రావచ్చుగాని గోడ రాకూడదని, మునుసామి చెప్పిన మాటే చెప్పాడు. గోడ పడగొట్టి లోపలికి జరపాలన్నాడు. ముగ్గు పోయించింది ఎవరని అడిగాడు.

మునుసామి టేపు చివర పట్టుకుని ఉన్నాడు. కుప్పమ్మ నా ముఖంలోకి చూసింది. ఊరుకున్నా తప్పే అయ్యేది. నేను ఊరుకోలేదు కూడా.

"మేస్త్రీ కొలత తప్పాడు" అన్నాను.

ముగ్గు పోసిన రోజు మాటలు తన ఎదుటే జరిగినా, నేను తప్పు చదువుతానని కుప్పమ్మకు తోచనే లేదు; గీత నేను సరిగ్గానే చూపానని, అతనే కొలిచి చెడగొట్టాడని అతన్ని నానా మాటలూ అంది. అతను ఒక్కదానికీ బదులు చెప్పలేదు. నెలకు పైగా కూలి తీసుకోకుండా ఆ గోడ తానే పడగొట్టి, మళ్లీ కట్టాడు. ఎందుకు ఊరుకున్నాడు? మా ఇంటి మీద గౌరవమా? చెప్పినా నమ్మరని తెలిసా? ఆ తరువాత మా చుట్టుపక్కల ఎవరూ అతనికి ఇల్లు అప్పగించలేదు. ఇప్పుడు పక్కనున్న మూలకుళంలో, ఒకప్పుడు తన దగ్గర పని నేర్చుకున్నవాడి కింద రోజుకూలీగా ఇటుకలు పేరుస్తున్నాడు. సైకిల్ మీద ఎదురుపడితే నన్ను చూసి దిగుతాడు. దిగవద్దని చెప్పడానికి కూడా నాకు నోరు రాదు. నా మీద నాకు పుట్టే మంట అంతా ఇంతా కాదు.

కిందటేడు తెగించాను. కుప్పమ్మ ఇంటిపన్ను నోటీసు తెచ్చినప్పుడు, ఆ రోజు ముగ్గు తప్పుగా పోయించింది నేనే, మునుసామి కాదు అని చెప్పాను. ఆమె కొంగుతో కళ్లొత్తుకుంది. ఆ బీదవాడి మీద జాలితో వాడి తప్పు మీ మీద వేసుకుంటున్నారు, పెద్దింటి మనసు మీది అంది. సాయంత్రానికి వీధంతా చెప్పింది. మరునాడు నమస్కారాలు ఇంకాస్త వంగి పెట్టారు. కాదు, నిజంగా నేనే అని గట్టిగా చెప్పవలసింది. చెప్పలేదు. ఒక పూట నాకది హాయిగా కూడా అనిపించింది. అబద్ధమాడింది ఒకసారే అనుకుంటూ వచ్చాను ఇన్నాళ్లూ. కాదు, రెండుసార్లు.

అందుకే ఇక్కడ, జాలి అనీ పెద్దమనసు అనీ ఎవరూ అడ్డుపడని చోట రాస్తున్నాను. మునుసామి పని తెలిసినవాడు. సరిగ్గా చెప్పాడు. నేను అతన్ని నలుగురిలో నవ్వులపాలు చేశాను, ఆ తరువాత అతని పేరు చెడగొట్టాను. ఇందులో అతని తప్పు ఒక్కటీ లేదు.

క్షమించమని అడగడం లేదు. క్షమించవలసింది మీరు కాదు. చెప్పాను, అంతే. ఊపిరి కాస్త ఆడుతోంది.